లినక్స్ ల్యాప్‌టాప్ నిద్రపోయి లేవకపోతే: తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

మూత మూసి పక్కన పెట్టి, కాసేపాగి తెరిస్తే నల్ల తెర. పవర్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. లేదా అనంతపురంలో బస్సెక్కే ముందు మూత మూసి బ్యాగులో పెడితే, బెంగళూరులో దిగేసరికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, బ్యాటరీ సున్నా. లేదా స్లీప్ నొక్కిన రెండు క్షణాలకే తనంతట తానే లేచి కూర్చుంటుంది. ఈ మూడింటినీ మనవాళ్లు "అన్నా, స్లీప్ పనిచేయట్లేదు" అని ఒకే మాటతో చెప్తారు, కానీ కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) లోపల జరిగేది మూడుచోట్లా వేరు.

ఇలాంటప్పుడు చాలామంది నెట్‌లో దొరికిన నాలుగైదు కెర్నల్ పారామీటర్లు తెచ్చి ఒకేసారి గ్రబ్‌లో (కెర్నల్‌ను బూట్ చేసే ప్రోగ్రాము) పడేసి రీబూట్ చేస్తారు. కుదిరితే ఏది కుదిర్చిందో తెలీదు, కుదరకపోతే పాత సమస్యకు కొత్తది తోడవుతుంది. దయచేసి అలా చేయకండి. నిద్రపోవడం అనేది వరసగా జరిగే కొన్ని దశల పని, ఆ వరసలో ఎక్కడ ఆగిపోయిందో చూపించే ఏర్పాట్లు కెర్నల్‌లోనే ఏళ్ల తరబడి ఉన్నాయి, వాడుకునేవాళ్లే తక్కువ. ముందు ఏ దశో తేల్చండి, తర్వాత ఆ దశలో ఏ పరికరమో తేల్చండి, ఆ తర్వాతే సెట్టింగుల జోలికి పోండి.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, నేను వేరే చెప్తే తప్ప టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. ఇంకొక సంగతి, /సిస్ (కెర్నల్ తన సెట్టింగులను ఫైళ్లలా చూపించే చోటు) కింద ఉన్న ఫైళ్లలోకి రాయడానికి "సుడో ఎకో" పెట్టి బాణం గుర్తు పెడితే పర్మిషన్ లేదంటుంది, ఎందుకంటే సుడో ఎకోకి మాత్రమే వర్తిస్తుంది, బాణం తర్వాతి ఫైలును తెరిచేది మీ మామూలు షెల్. "సుడో -ఐ" కొట్టి రూట్‌లోకి (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) వెళ్లి చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

మొదలుపెట్టే ముందు

ఈ పరీక్షల్లో మెషిన్ బిగుసుకుపోవడం, పవర్ బటన్ పట్టుకుని ఆపడం మామూలే. కాబట్టి తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేయండి, పెన్‌డ్రైవులు, బయటి హార్డ్ డిస్కులు పీకేయండి, ప్రతి పరీక్షకు ముందు ఒకసారి "సింక్" కొట్టండి. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే ఏర్పాటు) సర్వర్ వేసుకుని, ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌తో దాంట్లోకి వెళ్లగలుగుతున్నారో లేదో ముందే చూసుకోండి, తెర నల్లబడినప్పుడు మీకున్న కిటికీ అదొక్కటే. బ్యాటరీ సగానికి పైన ఉంచుకుని, చార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే పరీక్షలు చేయండి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, అది పరీక్షను ఎలా చెడగొడుతుందో కింద చెప్తాను.

మీది ఏ రకం నిద్ర?

"క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్" అని కొట్టండి. ఎస్2ఐడిల్, డీప్ అనే రెండు మాటలు రావచ్చు, ఒక్కటే రావచ్చు. ప్రస్తుతం వాడుకలో ఉన్నదాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి.

డీప్ అంటే పాతకాలం ఎస్3. 1996లో వచ్చిన ఏసీపీఐ (కరెంటు వాడకంపై హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడుకునే ప్రమాణం) పద్ధతిలోది, ర్యామ్‌కు మాత్రం కరెంటు ఇచ్చి దాదాపు మిగతా అంతా ఆపేస్తుంది, ఆపడం, లేపడం బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) చేతిలో ఉంటుంది. ఎస్2ఐడిల్‌లో బయోస్ పాత్ర చాలా తక్కువ. కెర్నలే అన్ని పరికరాలనూ పడుకోబెట్టి, సీపీయూను వీలైనంత లోతైన విశ్రాంతిలోకి పంపి కాచుకుని ఉంటుంది. విండోస్‌లో మోడర్న్ స్టాండ్‌బై అనేదానికి ఇది లినక్స్ వైపు జోడీ. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో కంపెనీలు ఎస్3ని తీసేశాయి, వాటిలో డీప్ అనే మాటే కనిపించదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకునే థింక్‌ప్యాడ్ టీ480 లాంటి 2018 నాటి మెషిన్లలో డీప్ ఉంటుంది, అవి ఈ విషయంలో నమ్మకమైనవి.

రెండూ కనిపిస్తుంటే సగం పని తేలికయినట్టే. "ఎకో డీప్ > /సిస్/పవర్/మెమ్_స్లీప్" అని మార్చి చూడండి, తర్వాత ఎస్2ఐడిల్‌కి మార్చి చూడండి. ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోతే, దాని అర్థం గట్టిదే. డీప్ ఒక్కటే చెడితే అనుమానం బయోస్ మీదికి పోతుంది. ఎస్2ఐడిల్ కూడా చెడితే డ్రైవర్ల మీదికి పోతుంది. డీప్ అసలు లిస్టులోనే లేకపోతే పారామీటర్లతో బలవంతంగా తెప్పించాలని చూడకండి, బయోస్ ఇవ్వనిది కెర్నల్ ఎక్కడినుంచి తెస్తుంది? బయోస్ సెట్టింగుల్లో మాత్రం ఒకసారి వెతకండి, 2018 థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరంలో మొదట ఎస్3 లేదు, తర్వాత వచ్చిన బయోస్ అప్‌డేట్‌లో స్లీప్ స్టేట్ అనే చోట లినక్స్ అని ఎంచుకునే వీలు ఇచ్చారు.

తప్పు కెర్నల్‌దా, పైవాళ్లదా?

మూత మూస్తే నిద్రపోవాలి అని నిర్ణయించేది కెర్నల్ కాదు, సిస్టమ్‌డీలోని (సర్వీసులను నడిపించే ప్రోగ్రాము) లాగిన్‌డీ. కాబట్టి మూతను కాసేపు మర్చిపోయి మూడు రకాలుగా చూడండి. ముందు మూత మూసి. తర్వాత "సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్" కొట్టి. చివరగా రూట్‌లో "ఎకో మెమ్ > /సిస్/పవర్/స్టేట్" అని నేరుగా కెర్నల్‌కే చెప్పి. నేరుగా చెప్తే చక్కగా పడుకుని లేస్తోంది, సిస్టమ్‌సీటీఎల్‌తోనే తేడా వస్తోంది అంటే, /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో ఏవో స్క్రిప్టులు అడ్డం పడుతున్నాయి, లేదా ఎన్‌విడియా సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులు సరిగా లేవు. మూతతోనే తేడా అంటే "సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్" కొట్టి ఎవరు ఆపుతున్నారో చూడండి. మూడింట్లోనూ ఒకేలా చెడుతోంటే ఇక కెర్నల్‌లోకి దిగాల్సిందే.

అయిదు దశల పరీక్ష

నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, కాబట్టి తొందరపడకుండా చేయండి.

ఇల్లు తాళం వేసి ఊరికి పోయేటప్పుడు ముందు మనుషులు బయటికొచ్చి, తర్వాత గదుల తలుపులు వేసి, మెయిన్ స్విచ్ ఆపి, ఆఖరున వాకిలికి తాళం వేస్తాం కదా, కెర్నల్ కూడా అలాగే ఒక వరసలో పోతుంది. ముందు నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ స్తంభింపజేస్తుంది, తర్వాత పరికరాలను ఒక్కొక్కటే పడుకోబెడుతుంది, ఆపైన ఏసీపీఐకి చెప్పాల్సింది చెప్తుంది, ఒక్క సీపీయూ కోర్ మిగిల్చి మిగతావి ఆపేస్తుంది, ఆఖరున టైమర్లు, ఇంటరప్ట్ కంట్రోలర్ లాంటి పునాది సంగతులు. /సిస్/పవర్/పీఎం_టెస్ట్ అనే ఫైలులో ఈ అయిదింటికీ పేర్లున్నాయి: ఫ్రీజర్, డివైజెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. మీరు ఏ పేరు రాస్తే కెర్నల్ ఆ దశ వరకే వెళ్లి, అయిదు సెకన్లు ఆగి, నిజంగా నిద్రపోకుండా వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఫైలు మీకు కనిపించకపోతే మీ కెర్నల్‌ను పీఎం డీబగ్ అనే ఆప్షన్ లేకుండా కట్టారన్నమాట (కంపైల్ చేశారన్నమాట), అది ఉన్న కెర్నల్ వేసుకోండి.

ముందు "ఎకో ఫ్రీజర్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్", తర్వాత "ఎకో మెమ్ > /సిస్/పవర్/స్టేట్". అయిదు సెకన్ల తర్వాత తిరిగొస్తే డివైజెస్ పెట్టి అదే పని, తర్వాత ప్లాట్‌ఫామ్, అలా దిగుతూ పోండి. ఒక్కో దశనూ ఒకసారి చేసి సరిపెట్టకండి, కొన్ని తప్పులు అప్పుడప్పుడే బయటపడతాయి, కాబట్టి ప్రతి దశనూ నాలుగైదుసార్లు చేయండి. మీది ఎస్2ఐడిల్ అయితే మొదటి మూడు దశలే ఉంటాయి, ఎందుకంటే అక్కడ కోర్‌లను ఆపే పనే లేదు, ప్రాసెసర్స్ అని రాసి నిద్రపుచ్చబోతే ఆ పరీక్ష కుదరదని కెర్నల్ తిరస్కరిస్తుంది.

ఫ్రీజర్‌లోనే ఆగితే సమస్య మామూలు ప్రోగ్రాముది. కెర్నల్ 20 సెకన్లు కాచుకుని, ఫలానా టాస్క్ స్తంభించనంటోంది అని డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్, టైప్ చేసేది డీ ఎం ఈ ఎస్ జీ) పేరుతో సహా రాసి నిద్రను రద్దు చేస్తుంది. ఎక్కువగా దొరికేది తెగిపోయిన నెట్‌వర్క్ డ్రైవ్, లేదా ఫ్యూజ్‌తో (మామూలు ప్రోగ్రామే ఫైల్‌సిస్టమ్‌ను నడిపే పద్ధతి) మౌంట్ చేసినది ఏదో ఒకటి. దాన్ని అన్‌మౌంట్ చేస్తే తీరిపోతుంది.

డివైజెస్‌లో ఆగితే, నిజం చెప్పాలంటే ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి, తప్పు ఏదో డ్రైవర్‌ది. దాన్ని పట్టుకునే విధానం కింద ఉంది. ప్లాట్‌ఫామ్‌లో ఆగితే ఏసీపీఐది లేదా బయోస్‌ది, బయోస్ అప్‌డేట్ ఉందేమో ముందు చూడండి. ప్రాసెసర్స్, కోర్ దశల్లో ఆగడం అరుదు. అయిదూ చక్కగా దాటి నిజం నిద్రలో మాత్రం చచ్చిపోతే, బయోస్ తిరిగి కెర్నల్ చేతికి పగ్గాలిచ్చే చోట తేడా ఉంది, లేదా నిజంగా కరెంటు పోయి వచ్చాక ఏదో పరికరం మళ్లీ మొదలవలేకపోతోంది. అప్పుడు ఆర్‌టీసీ (మదర్‌బోర్డు మీది గడియారం) పద్ధతి కావాలి, దాన్నీ చెప్తాను.

పరీక్షలయ్యాక "ఎకో నన్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్" రాయడం మర్చిపోవద్దు, ఇక్కడ నన్ అంటే ఎన్ ఓ ఎన్ ఈ. లేకపోతే మూత మూసిన ప్రతిసారీ అయిదు సెకన్లకే లేస్తూ మీకు లేనిపోని టెన్షన్ పెడుతుంది.

పరికరాన్ని పట్టుకోవడం

ఒక్కో పరికరం ఎంతసేపు తీసుకుందో, ఏం జవాబిచ్చిందో లాగ్‌లో పడాలంటే /సిస్/పవర్ కింద పీఎం_ప్రింట్_టైమ్స్, పీఎం_డీబగ్_మెసేజెస్ రెండింట్లోనూ 1 రాయండి. పీఎం_ఎసింక్‌లో మాత్రం 0 రాయండి. మామూలుగా కెర్నల్ పరికరాలను పక్కపక్కనే ఒకేసారి పడుకోబెడుతుంది, దానివల్ల లాగ్ కలగాపులగం అవుతుంది, 0 పెడితే ఒకటయ్యాక ఒకటి పోతుంది. ఒకవేళ 0 పెట్టగానే సమస్యే మాయమైతే అది కూడా ఒక ఆధారమే, రెండు డ్రైవర్ల మధ్య ముందువెనకల తగాదా ఉందన్నమాట.

లాగ్‌లో "ఫెయిల్డ్ టు సస్పెండ్" అనే మాటతో ఒక లైను, దాని ముందు 0000:00:14.0 లాంటి అంకెలు, చివర ఎర్రర్ -16 అని ఉందనుకోండి. -16 అంటే పరికరం ఇంకా పనిలో ఉంది, ఖాళీ లేదంటోంది. ఆ అంకెలను "ఎల్ఎస్‌పీసీఐ -ఎస్ 00:14.0"కి ఇస్తే పేరు చెప్తుంది, ఇంటెల్ మెషిన్లలో అది ఎక్కువగా యూఎస్‌బీ కంట్రోలర్. అయితే తప్పు కంట్రోలర్‌ది కాకపోవచ్చు, దానికి తగిలించిన వెబ్‌క్యామ్‌దో, బ్లూటూత్‌దో, వేలిముద్ర రీడర్‌దో కావచ్చు, కాబట్టి కిందనున్నవాటిని కూడా చూడండి. /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్ ఫోల్డర్‌లో చివరిసారి ఫెయిలైన పరికరం, ఫెయిలైన దశ విడిగా రాసి ఉంటాయి, లాగ్ వెతికే ఓపిక లేనప్పుడు అది చాలు.

లాగ్ కూడా పడకుండా బిగుసుకుపోతుంటే మాడ్యూళ్లను (కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ ముక్కలు) సగం సగం తీసేస్తూ పోవాలి. ముందు గ్రాఫిక్స్ లేకుండా "సిస్టమ్‌సీటీఎల్ ఐసొలేట్ మల్టీ-యూజర్.టార్గెట్" కొట్టి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లండి. "ఎల్ఎస్‌మోడ్"లో కనిపించేవాటిలో సగాన్ని "మోడ్‌ప్రోబ్ -ఆర్"తో తీసేసి డివైజెస్ పరీక్ష చేయండి. దాటిందంటే దొంగ తీసేసిన సగంలో ఉన్నాడు, లేదంటే మిగిలిన సగంలో. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ మాడ్యూళ్లతో మొదలుపెడితే త్వరగా తేలుతుంది. ఇంటెల్ వైఫై తీసేటప్పుడు ఐడబ్ల్యూఎల్ఎంవీఎం ముందు, ఐడబ్ల్యూఎల్‌వైఫై తర్వాత, వరస తప్పితే వాడకంలో ఉందంటుంది.

తెర నల్లగా ఉంది, లోపల ప్రాణం ఉందా?

లేచాక తెర రాకపోతే వెంటనే పవర్ బటన్ పట్టుకోకండి. ముందు క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు మారుతోందేమో చూడండి. మారుతోందంటే కెర్నల్ బతికే ఉంది, పోయింది తెర ఒక్కటే, అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి. ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్లి డీమెసేజ్ చూడండి. వైఫై కూడా లేవకపోవచ్చు కాబట్టి ఎస్ఎస్‌హెచ్ కలవనంత మాత్రాన చచ్చిందని తీర్మానించకండి. దానికి నేను గట్టిగా నమ్మే ఉపాయం ఇంకొకటుంది, రూట్‌లో ఈ మూడూ ఒకే లైనులో సెమీకోలన్లతో కొట్టండి: "ఆర్‌టీసీవేక్ -ఎం మెమ్ -ఎస్ 30, డీమెసేజ్ > /రూట్/లేచాక.టెక్స్ట్, సింక్". ఫైలుకు పేరు మీ ఇష్టం. 30 సెకన్ల తర్వాత గడియారమే మెషిన్‌ను లేపుతుంది, తెర వచ్చినా రాకపోయినా లాగ్ డిస్కుకు చేరుతుంది. ఒక నిమిషం ఆగి, ఆపేసి, మళ్లీ బూట్ చేసి ఆ ఫైలు చూడండి. ఫైలు ఉంటే కెర్నల్ లేచినట్టే.

పాత బూట్ లాగ్ "జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1"తో దొరుకుతుంది. అందులో ఆఖరి లైను "సస్పెండ్ ఎంట్రీ" అయితే అక్కడే ఆగిపోయిందని అనుకోకండి. డిస్కు పడుకున్నాక రాసిన లైన్లు డిస్కుకు చేరవు, అసలు ఆగింది ఇంకా చాలా ముందుకెళ్లాక అయ్యుండొచ్చు.

గడియారంలో దాచే ఆధారం

క్యాప్స్ లాక్ కూడా కదలకపోతే ఇదే దారి. మెషిన్ చచ్చి, రీబూట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది, డిస్కు ఇంకా లేవలేదు, మరి ఎక్కడ చచ్చిందో ఎక్కడ రాసిపెట్టాలి? 2006లో లైనస్ టోర్వాల్డ్స్ దీనికి ఒక ఏర్పాటు రాశాడు. రీబూట్ చేసినా చెరిగిపోనిది ఆర్‌టీసీ గడియారం. కాబట్టి ప్రతి పరికరం దగ్గరా కెర్నల్ ఒక చిన్న సంఖ్యను లెక్కగట్టి, దాన్ని తేదీ, సమయం రూపంలో ఆ గడియారంలో రాసిపెడుతుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి.

"ఎకో 1 > /సిస్/పవర్/పీఎం_ట్రేస్" రాసి నిద్రపుచ్చండి. లేపండి, బిగుసుకుపోతుంది. పవర్ బటన్ పట్టుకుని ఆపి, మూడు నిమిషాల లోపే, అదే కెర్నల్‌తో బూట్ చేయండి. గడియారం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే ఆ సంఖ్య మారిపోతుంది, వేరే కెర్నల్ అయితే సంఖ్యకు అర్థమే మారిపోతుంది. బూట్ అయ్యాక డీమెసేజ్‌లో "హ్యాష్ మ్యాచెస్" అనే మాట వెతకండి, చివరిగా చేరుకున్న ఫైలు, లైను నంబరు, సరిపోయిన పరికరాల పేర్లు ఉంటాయి. సంఖ్య చిన్నది కాబట్టి సంబంధం లేని పరికరం కూడా సరిపోవచ్చు, రెండుమూడుసార్లు చేసి ప్రతిసారీ వచ్చే పేరునే నమ్మండి. ఇది ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మెషిన్లలోనే పనిచేస్తుంది. తేదీ ఎక్కడికో పోతుంది, బ్రౌజర్‌లో సైట్లు సర్టిఫికెట్ తప్పంటాయి, కంగారు పడకండి, నెట్ నుంచి సమయం సరయ్యాక "హెచ్‌డబ్ల్యూక్లాక్ --సిస్టోహెచ్‌సీ" కొడితే గడియారం దారిలోకి వస్తుంది.

తనంతట తానే లేస్తుంటే

/సిస్/పవర్/పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ ఫైలులో చివరిసారి లేపిన ఇంటరప్ట్ (పరికరం సీపీయూను పిలిచే సంకేతం) నంబరు ఉంటుంది, దాన్ని /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో వెతికి ఎవరిదో చూడండి. 9 వస్తే అది ఏసీపీఐ, అంటే మూత, పవర్ బటన్, లేదా బ్యాటరీని, చార్జర్‌ను చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్. కరెంటు సంగతి ఇక్కడే వస్తుంది. ఎస్2ఐడిల్‌లో ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లను చార్జర్‌కు కరెంటు పోయినా, వచ్చినా ఆ కంట్రోలర్ లేపేస్తుంది. రాత్రి చార్జింగ్ పెట్టి మూత మూసి పడుకుంటే, మధ్యలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లేచి వేడెక్కుతుంది. మీదీ అంతేనా అని తేల్చడం సులువు, నిద్రలో ఉండగా చార్జర్ పీకి చూడండి. అదే అయితే "ఏసీపీఐ.ఈసీ_నో_వేకప్=1" అనే బూట్ పారామీటర్ ఉంది, కానీ కొన్ని మెషిన్లలో దానివల్ల మూత తెరిచినా లేవదు, పవర్ బటనే నొక్కాలి, ముందే చూసుకోండి.

యూఎస్‌బీ మౌస్ కదిలి లేస్తుంటే "క్యాట్ /ప్రాక్/ఏసీపీఐ/వేకప్" లిస్టులో ఎక్స్‌హెచ్‌సీ అనే లైను చూడండి. ఆ పేరును, ఇక్కడ మాత్రం పెద్ద అక్షరాల్లో, అదే ఫైలులోకి ఎకో చేస్తే లేపే హక్కు పోతుంది. ఇంకోసారి చేస్తే హక్కు తిరిగొస్తుంది, అందుకే చేసిన ప్రతిసారీ ఫైలు చదివి నిర్ధారించుకోండి. రీబూట్‌తో ఇది పోతుంది.

లేవకుండానే బ్యాటరీ ఖాళీ అవుతుంటే

లాగ్‌లో ఎక్కడా లేచినట్టు లేదు, అయినా బ్యాగులో వేడెక్కింది అంటే ఎస్2ఐడిల్‌లో చిప్ లోతైన విశ్రాంతిలోకి దిగనేలేదు. కెర్నల్ 6.4 నుంచి /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్/లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్ అనే ఫైలుంది, చివరి నిద్రలో హార్డ్‌వేర్ నిజంగా ఎంతసేపు పడుకుందో మైక్రోసెకన్లలో చెప్తుంది. పది నిమిషాలు నిద్రపుచ్చి చూడండి. 60 కోట్లకు దగ్గరగా రావాలి, సున్నా వస్తే ఏదో పరికరం, ఎక్కువగా ఎన్‌వీఎంఈ డిస్కో, యూఎస్‌బీయో, అడ్డం కూర్చుంది. మే నెల ఎండలో ఇలాంటి మెషిన్‌ను స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేసుకుని పోవద్దు, దొరికేదాకా షట్‌డౌన్ చేసే తీసుకెళ్లండి.

మొన్నటిదాకా బాగానే ఉండి, అప్‌డేట్‌తో చెడితే

గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నల్ ఉంటుంది, దాంతో బూట్ చేసి చూడండి. పాతది బాగుంటే కొత్తదాంట్లో ఏదో మార్పు చెడగొట్టింది, దాన్ని గిట్ బైసెక్ట్‌తో పట్టుకోవచ్చు. రెండు విడుదలల మధ్య పదివేలకు పైగా మార్పులుంటాయి, కానీ ప్రతిసారీ సగానికి కోస్తూ పోతాం కాబట్టి పద్నాలుగు కెర్నళ్లు కడితే ఆ ఒక్క మార్పు చేతికొస్తుంది. ముందు "మేక్ లోకల్‌మోడ్‌కాన్ఫిగ్" కొడితే మీ మెషిన్‌కు కావాల్సిన మాడ్యూళ్లే కడుతుంది, ఎంతో సమయం కలిసొస్తుంది. కర్నూలు, అనంతపురం ఎండల్లో పగటిపూట కట్టడం మొదలుపెడితే సీపీయూ వేడికి వేగం తగ్గించుకుంటుంది, రాత్రి చల్లబడ్డాక పెట్టుకోండి.

దొరికాక ఏం చేయాలి

డీప్‌తోనే బాగుందని తేలితే "మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్"ను /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లోని కమాండ్‌లైన్‌లో చేర్చి, ఉబుంటు, డెబియన్‌లలో "అప్‌డేట్-గ్రబ్" కొట్టండి. డ్రైవర్ దొరికితే, అది సరయ్యేదాకా సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో ఒక స్క్రిప్టు పెట్టుకోండి. సిస్టమ్‌డీ దాన్ని పడుకునే ముందు ప్రీ అనే మాటతో, లేచాక పోస్ట్ అనే మాటతో పిలుస్తుంది, ప్రీలో మాడ్యూల్ తీసేసి పోస్ట్‌లో మళ్లీ ఎక్కించండి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి. ఇది తాత్కాలికమే. అసలు వైద్యం డ్రైవర్ రాసేవాళ్ల దగ్గరుంది కాబట్టి కెర్నల్ బగ్‌జిల్లాలో (తప్పులు నమోదు చేసే సైట్) రిపోర్ట్ పెట్టండి. మోడల్, బయోస్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, మెమ్_స్లీప్ ఏం చూపిస్తోందో, పీఎం_టెస్ట్‌లో ఏ దశ వరకు దాటిందో, పూర్తి డీమెసేజ్, ఇవన్నీ మొదటిసారే ఇవ్వండి. "స్లీప్ పనిచేయట్లేదు" అని ఒక్క లైను రాస్తే వాళ్లు తిరిగి అడిగేవి ఇవే.